పై గదిలో ఉక్కు ఫ్యాక్టరీ

నిజామాబాద్ కరెంటాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే రామ్‌దాస్‌కు చెడు అలవాట్లేవీ లేవు. సిగరెట్టు ముట్టడు, పేక ముక్క పట్టడు, ఆఫీసు నుంచి నేరుగా ఇంటికే వస్తాడు. ఈ మాట ఎవరైనా ఆయన భార్య స్నేహలతతో అంటే ఆమె నిట్టూర్చి, "ఏదన్న ఒక్కటి ఉన్నా బాగుండు. గవి మాన్పించేటందుకు డాక్టర్లున్నరు" అంటుంది.

ఆయనకున్నది రైళ్ల పిచ్చి. అసలు రైళ్లు కాదు, బుల్లి రైళ్లు. ఇంజను అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. డబ్బాలు చిటికెన వేలంత. ప్లైవుడ్ బల్ల మీద పట్టాలు, పట్టాల పక్కన స్టేషను, స్టేషన్లో బియ్యపు గింజంత ప్రయాణికులు. ఒకసారి స్టేషన్ మాస్టరు కింద పడిపోతే ఇంటిల్లిపాదీ ఊడవడం మానేసి నేలంతా వెతకాల్సి వచ్చింది. వీధిలో ఆయన పేరు రైలు రామ్‌దాస్.

పెళ్లయిన కొత్తలో ఇద్దరూ విశాఖపట్నం వెళ్లారు. కొండెక్కి స్నేహలత సముద్రం చూసింది. రామ్‌దాస్ సముద్రానికి వీపు పెట్టి, దూరంగా కనిపించే ఉక్కు ఫ్యాక్టరీ చిమ్నీలు చూశాడు. ఆ రోజు తీయించుకున్న ఫొటోలో ఇద్దరూ చెరో దిక్కు చూస్తుంటారు. ఇప్పటికీ ఆ ఫొటో చూసినవాళ్లు "ఏం, కొట్లాడిండ్రా?" అని అడుగుతారు.

అప్పటి నుంచీ ఆయనకొకటే కోరిక. తన పట్టాల పక్కన ఒక ఉక్కు ఫ్యాక్టరీ వెలవాలి. గూడ్సు బండి ఇనుప రాయి మోసుకుని లోపలికి పోవాలి, కరిగిన ఇనుము ఎర్రగా మెరుస్తూ బయటికి రావాలి. కోరిక పెద్దదే కానీ బల్ల చిన్నది. ఉన్న చోటు స్టేషనుకే సరిపోవడం లేదు.

ఇంతలో కూతురు కావ్య హాస్టల్‌కు వెళ్లింది. పై గది ఖాళీ అయింది. కూతుర్ని బస్సెక్కించి కళ్లు తుడుచుకుంటూనే రామ్‌దాస్ మనసులో ఆ గదిని మూరలతో కొలిచేశాడు.

"స్నేహా, పై గది ఖాళీగనే ఉన్నది కదా" అన్నాడు మర్నాడు నాష్టా దగ్గర.

"ఖాళీగ లేదు. చుట్టాలకున్నది."

"ఏ చుట్టాలు?"

"అచ్చేటోళ్లు."

"ఎవలస్తున్నరు?"

"మీరు గిట్ల అడుగుతరనే ఎవ్వలు అస్తలేరు."

స్నేహలత జక్రాన్‌పల్లి హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరు. రోజంతా పిల్లల సాకులు వినీ వినీ ఆమెకు అబద్ధం ఆమడ దూరంలో ఉండగానే తెలిసిపోతుంది. ఈ సంగతి తెలిసి కూడా రామ్‌దాస్ ఆ పూట ధైర్యం చేశాడు.

"గది నా కోసం కాదు స్నేహా. మీ బాపు కోసం."

గరిటె ఆగింది. "మా బాపుకేంది?"

"ఆయన పనిచేసిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లేదా? గదాన్ని చిన్నగ, పట్టాలతోటి సహా కట్టి చూపిద్దామనుకుంటున్న. ఫ్యాక్టరీ మూతవడ్డప్పుడు ఎంత గోస వడ్డడు పెద్దమనిషి!"

స్నేహలత ఆ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగింది. ఆమె తండ్రి నర్సన్న అక్కడ ఫోర్‌మన్‌గా చేశాడు. ఆమె గరిటె పక్కన పెట్టి, భర్త ముఖంలోకి చూసింది.

"నిజంగనేనా?"

"నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు? మీ ఇంజను మీద పెట్టుండ్రి ఒట్టు."

రామ్‌దాస్‌కు ఉప్మా గొంతులో అడ్డం పడింది. దగ్గాడు, నీళ్లు తాగాడు, ఆ సందడిలో ఒట్టు సంగతి దాటేశాడు.

"సరే, కట్టుండ్రి" అంది స్నేహలత.

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ రోజు ఆఫీసులో కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని అరుస్తూ వచ్చినవాళ్లకు కూడా కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

పని మొదలైంది. ఉక్కు ఫ్యాక్టరీకి గుండెకాయ బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఇనుప రాయిని కరిగించే ఆకాశమంత కొలిమి. దానికి కావ్య పాత వాటర్ బాటిల్ పనికొచ్చింది. కొలిమిలోకి వేడి గాలి ఊదే స్టవ్‌లుగా స్నేహలత పౌడరు డబ్బాలు నిలబడ్డాయి. గొట్టాలకు కూల్‌డ్రింక్ స్ట్రాలు. కొలిమి అడుగున ఎర్ర బల్బు, చిమ్నీలో పొగకు వెలిగించిన ఊద్‌బత్తి. స్విచ్చు వేయగానే కొలిమి నోట్లోంచి ఎర్రటి ఇనుము కాలువలా పారుతున్నట్టు కనిపించేది. మొదటిసారి అది వెలిగినప్పుడు రామ్‌దాస్ చేతులు కట్టుకుని, గుళ్లో హారతి చూసినట్టు చూశాడు.

"నా పౌడరేది?" అని కింది నుంచి కేక.

"గిన్నెల పోసిన!"

"ఏ గిన్నెల?"

రామ్‌దాస్ చెప్పేలోపే స్నేహలత ఆ గిన్నెలోని దాన్ని మైదాపిండి అనుకుని పూరీలకు కలిపేసింది. ఆ పూట ఇల్లంతా మల్లెపూల వాసన వేసింది కానీ పూరీలు మాత్రం ఎవరూ తినలేకపోయారు.

ఇనుప రాయి ఎర్రగా ఉండాలి. ఇటుక పొడి వేశాడు, మరీ గులాబీ రంగు. వంటింట్లో డబ్బా తెరిచి చూస్తే సరిగ్గా కావలసిన రంగు కనిపించింది. గూడ్సు డబ్బాల నిండా కారం పోసి, ఫ్యాక్టరీ ఆవరణలో ఒక గుట్ట కూడా పోశాడు. చెమట పడుతోందని ఫ్యాను వేశాడు.

స్నేహలత మెట్లెక్కి వచ్చేసరికి భర్త కళ్లు మూసుకుని, గోడ పట్టుకుని, ఆగకుండా తుమ్ముతున్నాడు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"చక్కెర ఫ్యాక్టరీల కారమెందుకు?"

"గది... హాచ్... ఎర్ర నేల. చెరుకు చేను."

"గీ కొలిమి లెక్క ఉన్నదేంది?"

"చెరుకు రసం... హాచ్... మరగబెట్టేది."

"మా చిన్నప్పుడు గిట్ల లేకుండె."

"కొత్త మోడల్!"

"అట్లనా" అని కిందికి వెళ్లిపోయింది. తెలివైనవాడైతే ఆ 'అట్లనా' విని భయపడాలి. రామ్‌దాస్ గండం గడిచిందనుకుని ముక్కు కడుక్కున్నాడు.

ఆ వారంలోనే ఆమె ఇంకో మాట చెప్పింది. "బాపు వస్తున్నడు. మీ ఫ్యాక్టరీ చూడనీకె."

రామ్‌దాస్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. "ఇంక కాలేదు కదా! పూర్తయినంక రమ్మందాం."

"కట్టేటప్పుడు చూస్తేనే మజా అన్నడు. అయినా ఆయనకు ఏం కనిపిస్తది చెప్పుండ్రి? రెండు కండ్లల్ల శుక్లాలు ముదిరినయి. ఆపరేషన్ చేయించుకో అని తమ్ముడు రవీందర్ కాళ్లు మొక్కినంత పని చేసిండు. 'చూడాల్సినయన్ని చూసిన, ఇగ చూడనీకి ఏమున్నది' అంటడు. ఎదురుంగ ఉన్నది మనిషా, బర్రెనా అని తెలుస్తలేదు. మొన్న బోధన్ బస్టాండ్‌ల పోస్టు డబ్బాకు నమస్తే పెట్టిండట."

రామ్‌దాస్ అయ్యో అన్నాడు. కానీ మామకు కళ్లు కనబడవన్న మాట విని లోలోపల అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న అల్లుడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

నర్సన్న వచ్చాడు. కూతురి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ పై గదికి చేరాడు. రామ్‌దాస్ స్విచ్చు వేశాడు. రైలు కదిలింది, కొలిమి వెలిగింది.

"ఏదో ఎర్రగ మెరుస్తున్నదేంది అల్లుడా?"

"గది చెరుకు రసం మామా."

"రసం ఎర్రగుంటదా?"

"పాకం... పాకం ముదిరింది మామా."

"గింతగనం ముదిరితే పాకం కాదు, పిడుగైతది. గీ పక్కన పొడుగ్గ నిలవడ్డయి ఏంది?"

ఉక్కు కొలిమికి గాలి ఊదే పౌడరు డబ్బాలను ముసలాయన వేళ్లతో నిమురుతున్నాడు. "చక్కెర నింపే డబ్బాలు" అన్నాడు రామ్‌దాస్.

"మంచి వాసనొస్తున్నయి. మా ఫ్యాక్టరీల గిట్ల మల్లెపూల వాసన రాకుండె." నర్సన్న గాలి పీల్చాడు. "మా దాని వాసనే అలగ్ ఉండె బిడ్డా. బోధన్ ఇంక దూరముందనంగనే బస్సుల పడుకున్నోళ్లు ముక్కుతోని లేస్తుండ్రి. వాసన లేంది అది ఫ్యాక్టరీనే కాదు."

ముసలాయన ఒక పూట చూసి వెళ్లిపోతాడనుకున్నాడు రామ్‌దాస్. కానీ స్నేహలత మాటల్లో పెట్టి తండ్రిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆశ్చర్యం, ఈసారి ఆయన మారు మాట్లాడకుండా ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

"షుగర్ ఎక్కువున్నది" అన్నాడు డాక్టరు.

"ఉండదా మరి, జిందగీ అంత చక్కెరలనే ఉంటి" అన్నాడు నర్సన్న గర్వంగా.

షుగర్ తగ్గితేనే ఆపరేషన్. అది తగ్గేదాకా ఆయన మకాం పై గదిలో, ఫ్యాక్టరీ పక్కనే ఉన్న కావ్య మంచం మీద. పొద్దున లేవగానే "అల్లుడా, షిఫ్ట్ మొదలైందా?" అని అడిగేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే "ఇయ్యాల ఎంత చెరుకు క్రషింగ్ అయింది?" అనేవాడు. రామ్‌దాస్ నోటికొచ్చింది చెప్పేవాడు. ముసలాయన తల ఊపుతూ, కళ్లు మూసుకుని, నవ్వు దాచుకుంటున్నట్టు మూతి తుడుచుకుంటూ వినేవాడు. అల్లుడి మీద అభిమానం అనుకున్నాడు రామ్‌దాస్.

వాసన గురించి మామ అన్న మాట ఒక్కటే రామ్‌దాస్‌ను పీడించింది. చివరికి బల్ల కింద చిన్న గిన్నెలో బెల్లం పాకం పెట్టి, దాని కింద దీపం వెలిగించాడు. గదంతా కమ్మగా వాసన. నర్సన్న మంచం మీద లేచి కూర్చుని, "ఆఁ, గిదీ!" అన్నాడు. ఆ క్షణాన ముసలాయన ముఖం వెలిగిపోయింది. రామ్‌దాస్‌కు తన అబద్ధం మీద తనకే కాస్త గౌరవం కలిగింది.

మర్నాటికి చీమలొచ్చాయి.

ముందు ఒక వరస వచ్చింది. తర్వాత వాళ్ల చుట్టాలొచ్చారు. సాయంత్రానికి పట్టాల వెంబడి అవతలి నుంచి ఒక చీమల రైలు, ఇవతలి నుంచి రామ్‌దాస్ రైలు. చీమల రైలే పొడుగు. వాటిని దులపబోయి మోచేయి తగిలించాడు. గిన్నె ఒలికింది, పాకం తీగల మీద పడింది, టప్పుమని శబ్దం వచ్చింది, ఇంట్లో కరెంటు పోయింది. వీధిలో అందరి ఇళ్లల్లో దీపాలున్నాయి, కరెంటాఫీసు రామ్‌దాస్ ఇంట్లో తప్ప.

"లైన్‌మన్‌ను పిలవాల్నా, సీనియర్ అసిస్టెంటుకే చెప్పాల్నా?" అంది స్నేహలత చీకట్లోంచి.

ఇంజను పాకంలో కూరుకుపోయింది. దాన్ని పీకి, వేడి నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, మళ్లీ నడిపే సరికి ఆయనకు ఆదివారం మొత్తం పట్టింది.

ఈ గొడవల మధ్యే నర్సన్న షుగర్ తగ్గింది. ఒక పొద్దున మొదటి కంటికి ఆపరేషన్ చక్కగా అయిపోయింది. "రేపు పట్టీ తీస్తం. దేనికదే స్పష్టంగా కనిపిస్తుంది" అన్నాడు డాక్టరు నవ్వుతూ.

అందరూ సంతోషించారు. రామ్‌దాస్ కూడా సంతోషించి, మరుక్షణం కుర్చీలో కూలబడ్డాడు. రేపు! రేపు ముసలాయన కళ్లతో చూస్తాడు! జిందగీ అంతా చక్కెర ఫ్యాక్టరీలో గడిపిన మనిషి ఆ కొలిమిని చూసి పాకం అనుకుంటాడా?

తండ్రీకూతుళ్లను ఆసుపత్రిలోనే వదిలి, ఆఫీసులో పనుందని చెప్పి, ఇంటికి పరుగెత్తాడు.

బ్లాస్ట్ ఫర్నేస్‌ను పీకడం పన్ను పీకించుకున్నట్టే ఉంది. గట్టిగా ఉండాలని తనే వేసిన జిగురు. లాగితే రాలేదు, తిప్పితే రాలేదు, కాలు గోడకు తన్నిపెట్టి లాగితే రెండు ముక్కలై వచ్చింది. రామ్‌దాస్ ఒక ముక్క ఒడిలో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. పౌడరు డబ్బాలు పోయాయి. గొట్టాలు పోయాయి. అన్నీ సంచిలో కుక్కి, చెత్త తీసుకుపోయే ఆటోలో వేసొచ్చాడు.

తర్వాత చీపురు పుల్లలు విరిచి చెరుకు మోపులు కట్టాడు. అట్టముక్కలతో రేకుల షెడ్డు వేశాడు. మందుల డబ్బాలు చక్కెర గోదాములయ్యాయి. కారం గుట్ట ఎత్తేసి, దాని చోట ఉప్పు పోశాడు. చక్కెర పోసే ధైర్యం లేదు, చీమలు ఇంకా పూర్తిగా వెళ్లిపోలేదు. వాళ్లిద్దరూ ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. ఆ పూటకు మామకు కింద హాల్లో పడక వేశారు.

"పైన రంగు వేసిన, ఘాటున్నది. కంటికి మంచిది కాదు" అన్నాడు.

"అట్లనా" అంది స్నేహలత.

మర్నాడు పట్టీ తీశారు. నర్సన్న ఆసుపత్రి వరండాలో నిలబడి గోడ గడియారం చూసి టైము చెప్పాడు. కూతురి ముఖం చూసి, "గింత సన్నగైనవేంది బిడ్డా" అన్నాడు. స్నేహలత ఏడ్చింది. రామ్‌దాస్ వైపు తిరిగి, "నువ్వు జర లావైనవు" అన్నాడు.

ఇంటికి రాగానే ఎవరి భుజమూ పట్టుకోకుండా మెట్లెక్కాడు. రామ్‌దాస్ తాళం తీసి, స్విచ్చు వేసి పక్కకు నిలబడ్డాడు. బుల్లి రైలు చీపురు పుల్లల మోపులు మోసుకుంటూ షెడ్డులోకి పోయింది. ముసలాయన వంగి చూశాడు. అటు పోయి చూశాడు, ఇటు వచ్చి చూశాడు. బల్ల కింద కూడా చూశాడు. కంట నీళ్లు పెట్టుకుంటాడేమోనని రామ్‌దాస్ ఆపరేషన్ అయిన కంటికి రుమాలు సిద్ధంగా పట్టుకున్నాడు.

"ఇదేంది అల్లుడా?" అన్నాడు నర్సన్న. "ఇది చక్కెర ఫ్యాక్టరీ కదా!"

"అవు మామా. మీదే."

"నాదని నాకు తెల్వదా? అండ్ల పని చేసుకుంటనే ముసలోన్నైతి. ఉక్కు ఫ్యాక్టరీ ఏది?"

రామ్‌దాస్ నోరు తెరుచుకుంది. "ఏ... ఏ ఉక్కు ఫ్యాక్టరీ?"

"గదే, నువ్వు కట్టింది! ఎర్రగ మెరిసేది! గా ఇనుము పారేది కండ్ల నిండ చూడాలనే కదా నేను కన్ను కోయించుకున్నది!"

రామ్‌దాస్ భార్య వైపు చూశాడు. స్నేహలత గుమ్మానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"నీకు... తెలుసా?"

"క్వార్టర్స్‌ల పుట్టినదాన్ని. చక్కెర ఫ్యాక్టరీకి కొలిమి ఉంటదా, లేదా నాకు తెల్వదా? మీరు కారం పోసి తుమ్మిన పూటనే బాపుకు ఫోన్ చేసిన. 'మీ అల్లుడు ఉక్కు ఫ్యాక్టరీ కడ్తున్నడు, నీకు చక్కెర ఫ్యాక్టరీ అని చూపిస్తడట, అచ్చి చూడు' అని చెప్పిన. అన్నేండ్లు బతిమాలితె కదలని మనిషి, తెల్లారే బయలుదేరుత అన్నడు."

"మరి మామా, అన్ని రోజులు నేను చెప్పిందంత ఇన్నరు కదా!"

"ఎందుకినను? 'పాకం ముదిరింది మామా' అని నువ్వు చెప్తుంటె మస్తు మజా వచ్చింది. మళ్ల రేడియో ఇన్నట్టే ఉండె." నర్సన్న నవ్వబోయి, చీపురు పుల్లల వైపు చూసి ఆగిపోయాడు. గొంతు తగ్గింది. "కానీ అల్లుడా, గా ఎర్రటిది ఒక్కటి మసకమసకగ కనిపిస్తుండె. దాన్ని చూసుకుంట పడుకుంటుంటి. ఇనుము నీళ్ల లెక్క ఎట్ల పారుతదో ఎన్నడు చూడలే. గది పీకేస్తివా?"

రామ్‌దాస్ చెప్పుల్లేకుండానే మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాడు. చెత్త ఆటో మూల మలుపులో కనిపించింది. దాని వెంట పడ్డాడు. "ఆపు! ఆపు! నా ఫర్నేసు!" డ్రైవరు ఆపి, "తడి చెత్తనా, పొడి చెత్తనా సార్?" అని అడిగాడు. నిన్నటి చెత్త నిన్ననే డంపింగ్ యార్డుకు పోయిందట.

ఖాళీ చేతులతో, చెమటతో తిరిగొచ్చిన అల్లుడిని చూసి నర్సన్న జాలిపడ్డాడు.

"పోతె పోయింది. మళ్ల కడ్దాం. ఈసారి నాకు కండ్లున్నయి, నేను గూడ చెయ్యేస్త. కానీ గీ చక్కెర ఫ్యాక్టరీని గూడ పీకకు అల్లుడా. చిన్నగున్నా మంచిగ కట్టినవు. దీని పక్కనే అది కట్టు. అటు చక్కెర, ఇటు ఉక్కు, నడిమిట్ల రైలు."

రామ్‌దాస్ గుండె నిండిపోయింది. రెండు ఫ్యాక్టరీలు! అంత పెద్ద బల్ల! ఇన్నాళ్లూ అడగడానికి భయపడింది మామ నోటి వెంట వచ్చింది. "మరి చోటు స్నేహా? మంచముంది కదా ఈడ."

"మంచం తీసెయ్యుండ్రి" అంది స్నేహలత వెంటనే. "గదంత మీకే."

ఇంత మంచి భార్య ఎవరికి దొరుకుతుంది! ఆయన మంచం అప్పుడే ఎత్తబోయాడు. ఎత్తుతూ ఎత్తుతూ ఒక సందేహం వచ్చి ఆగాడు.

"మరి మామ ఎక్కడ పడుకుంటడు?"

"కింద మన గదిల. రెండో కన్ను ఆపరేషన్ అయ్యేదాక ఈడనే ఉంటడు. మెట్లెక్కి దిగుడు ఎందుకు ఆయనకు? నేను కావ్య మంచం కిందికి దింపుకుని వంటింటి పక్క గదిల పడుకుంట."

"మరి నేను?"

"హాల్ల సోఫా ఉన్నది కదా."

"సోఫానా? అది నాకు పొట్టిదైతది స్నేహా!"

స్నేహలత తండ్రికి మందుల డబ్బా అందిస్తూ, మొగుడి వైపు చూడకుండానే చెప్పింది.

"రైళ్లను చిన్నగ చేసిండ్రు, స్టేషన్లను చిన్నగ చేసిండ్రు, గంత పెద్ద ఫ్యాక్టరీలనే చిన్నగ చేసిండ్రు. మీరు జర చిన్నగ కాలేరా?"